రూపాయి కాగితం – రూపాయి బిళ్ళ

సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇమ్మని కార్యదర్శి గారు కోరారు. రాజుల గురించి, రాజ్యాల గురించి వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. నేను ఉద్యోగకాలమంతా రూపాయలు పైసలు లెక్క వ్రాసిన గుమాస్తాను. కనుక నాకు తెలిసిన వస్తువునే తీసుకున్నాను. అది చిల్లర.

మన ఇళ్ళలో ఏ పౌడరు డబ్బాలోనో, ఏ హార్లిక్స్ సీసాలోనో కొన్ని పాత నాణేలు, నాలుగు రూపాయి కాగితాలు తప్పకుండా ఉంటాయి. మనవలు వాటిని చూసి, “తాతయ్యా, రూపాయికి కాగితం ఉండేదా? మరి ఎందుకు తీసేశారు?” అని అడుగుతారు. చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది గాని, దీనికి జవాబు చెప్పాలంటే రెండు ప్రపంచ యుద్ధాలు, వెండి ధర, మన డెల్టా కూలీల రొంటిన దోపుకున్న నోట్లు, అన్నీ చెప్పుకోవలసి వస్తుంది.

నాకు తోచిన మాట ముందుగానే మనవి చేస్తాను. పెద్ద డబ్బుకు పత్రాలు, సంతకాలు, బ్యాంకులు కాపలా ఉంటాయి. చిన్న డబ్బుకు అవేమీ లేవు. చదువు రాని మనిషి చీకట్లో చేత్తో తడిమి ఇది ఫలానా అని గుర్తుపట్టాలి. ఎదుటివాడికి ఇస్తే అతడు మారుమాట లేకుండా పుచ్చుకోవాలి. చిల్లరకు ఉన్న పరీక్ష ఇదొక్కటే. ప్రభుత్వాలు చిల్లరను మార్చినప్పుడల్లా ఖర్చు లెక్క చూశాయి. జనం మాత్రం ఈ పరీక్షే పెట్టారు.

డబ్బు, కాసు, వరహా

మన చుండూరు 2022 ఏప్రిల్ వరకు గుంటూరు జిల్లాలో ఉండి, ఆ నెలలో ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. చుట్టుపక్కల నేలంతా నాణేలు ఎరిగిన నేలే. భట్టిప్రోలు స్తూపం ఇక్కడికి దగ్గరే. శాతవాహనుల కాలంలో తీరాంధ్రలో సీసపు నాణేలు చెలామణి అయ్యాయి. వాటిలో కొన్నింటి మీద ఓడ బొమ్మ ఉంటుంది. సీసం చౌక లోహం. అంటే అవి రాజుగారి ఖజానా కోసం పోసినవి కావు, బజారులో దినవెచ్చాల కోసం పోసినవి అని తెలుస్తూనే ఉన్నది. అదే గుంటూరు సీమలో వినుకొండ దగ్గర రోమను బంగారు నాణేలు కూడా దొరికాయి. అవి పెద్ద వర్తకుల సొమ్ము.

తూర్పు చాళుక్యుల లాంఛనం వరాహం. ఆ బొమ్మ ఉన్న పలుచని బంగారు నాణేలు సముద్రం దాటి అరకాన్ తీరం దాకా వెళ్ళాయి. వరహా అన్న పేరు ఆ పంది బొమ్మ నుండి వచ్చినదే. కాకతి గణపతిదేవుడు 13వ శతాబ్దంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనంలో ఏ సరుకుకు ఎంత సుంకమో నాణేల లెక్కలో చెప్పాడు. ఆ మోటుపల్లి కూడా నేడు మన బాపట్ల జిల్లాలోనిదే.

ఆ తరువాత కుంఫిణీవారు మచిలీపట్నంలో రాగి డబ్బులు ముద్రించారు. డబ్బు అన్నది మొదట ఒక రాగి నాణెం పేరు. నేడు కోటి రూపాయలనైనా డబ్బే అంటున్నాము. కాసు కూడా అటువంటిదే. మద్రాసు లెక్కలో ఒక వరహాకు 42 రూకలు, ఒక రూకకు 80 కాసులు. అంత చిన్న నాణెం పేరు ఇప్పుడు మన బంగారు కొట్లలో 8 గ్రాముల బంగారానికి నిలిచింది. సవరను బంగారు నాణెం బరువు ఇంచుమించు అంతే కాబట్టి, దాని పేరుతో కాసు అనే మాట పైమెట్టు ఎక్కింది. 1818లో మద్రాసు రాజధానిలో వరహా పోయి రూపాయి ప్రమాణమైనది. 1835లో కుంఫిణీ ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి వచ్చింది.

ఆ రూపాయికి పదహారు అణాలు. అణాకు నాలుగు కానులు. కానీకి మూడు దమ్మిడీలు. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా, ఎనిమిదణాలు అర్ధ. ఆ నాణేలు పోయినా మాటలు పోలేదు. పదహారణాల తెలుగుదనం అంటాము. చేతిలో చిల్లిగవ్వ లేదంటాము. దమ్మిడీ ఆదాయం లేదు, గడియ తీరిక లేదంటాము. మన నోట ఈ మాటలు విని మనవలు నవ్వుతారు గాని, వాటి వెనుక ఉన్న లెక్క వారికి తెలియదు. మన తరం దాటితే చెప్పేవారు కూడా ఉండరు.

వెండి రూపాయి కాగితమైన వైనం

ఈనాడు మనం నోటు పోయి నాణెం వచ్చిందని అనుకుంటున్నాము గాని, రూపాయి ప్రయాణం మొదట అటునుండి ఇటు జరిగింది. నాణెం పోయి నోటు వచ్చింది.

పాత వెండి రూపాయి తులం బరువు. 180 గ్రెయిన్లు, అంటే 11.66 గ్రాములు. పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. సరాబు దానిని రాతి మీద వేసి మోగించి చూసేవాడు. ఖంగుమంటే మంచిది. ఆ మోత వినడానికి చదువు అక్కరలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరవు వచ్చింది. ధర ఎంత పెరిగిందంటే, రూపాయిలోని వెండి రూపాయిని మించిపోయే ప్రమాదం వచ్చింది. అప్పుడు 1917 నవంబరు 30న అయిదో జార్జి బొమ్మతో మొట్టమొదటి రూపాయి నోటు విడుదల చేశారు. ఆ మరుసటి ఏడాది రెండున్నర రూపాయల నోటు కూడా వచ్చింది. చాలదని, 1918లో అమెరికా చేసిన పిట్‌మన్ చట్టం కింద అక్కడి ఖజానాలోని డాలర్ల వెండిని కరిగించి మన దేశపు రూపాయల కోసం తెప్పించారు. అమెరికా డాలరు కరిగి మన పల్లెల్లో ధాన్యం కొన్నదన్నమాట. యుద్ధం ముగిసి వెండి చవకయ్యాక 1926లో ఈ చిన్న నోట్లను ఆపివేశారు.

రెండవ ప్రపంచ యుద్ధంలో కథ మళ్ళీ మొదటికి వచ్చింది. 1940 జూన్‌లో ఫ్రాన్సు పతనమైన వార్తతో జనం నోట్లు ఇచ్చి వెండి రూపాయలు తీసుకోవడానికి ఎగబడ్డారు. అవసరానికి మించి రూపాయి నాణేలు కూడబెట్టడం నేరమని ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఏడే మళ్ళీ రూపాయి నోటు తెచ్చింది. నాణెంలో వెండిని సగానికి తగ్గించింది. 1943లో రిజర్వు బ్యాంకు రెండు రూపాయల నోటు విడుదల చేసింది. రాగి పొదుపు కోసం కానీకి మధ్య పెద్ద బెజ్జం పెట్టారు. దానినే మనవాళ్ళు చిల్లుకానీ అన్నారు. 1947 నాటికి రూపాయిలో వెండి పూర్తిగా పోయి నికెలు వచ్చింది.

మా నాయన చెప్పేవారు. ధాన్యం అమ్మితే వచ్చిన కాగితాలు చూసి మా నాయనమ్మ, “ఇవి మోగవు కదరా!” అన్నదట. ఆవిడ మాట మోటుగా ఉన్నా, నేను పైన చెప్పిన పరీక్ష అదే. పాత వెండి రూపాయలు ఎక్కడికి పోయాయంటే, కాళ్ళ కడియాలుగా, మొలతాళ్ళుగా, పసివాళ్ళ ఉగ్గుగిన్నెలుగా మన ఇళ్ళలోనే ఉండిపోయాయి.

రూపాయి నోటులో ఒక విశేషం ఉన్నది. మిగిలిన నోట్ల మీద రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం, ఇంత సొమ్ము చెల్లిస్తానన్న వాగ్దానం ఉంటాయి. రూపాయి నోటు మీద ఆ వాగ్దానం ఉండదు. ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది. దానిని భారత ప్రభుత్వమే జారీ చేస్తుంది. 2011 నాణేల చట్టంలో సైతం నాణెం అన్న మాటకు అర్థం చెబుతూ రూపాయి నోటును అందులో చేర్చారు. అంటే చట్టం దృష్టిలో రూపాయి కాగితం కూడా బిళ్ళే!

నాణెం మీద తెలుగు

పాత అణాలు ఉన్నవారు ఒకసారి కళ్ళజోడు పెట్టుకొని వాటిని చూడవలసిందిగా కోరుతున్నాను. 1907లో ఏడో ఎడ్వర్డు కాలంలో వచ్చిన అంచు వంకీల అణా మీద విలువను ఇంగ్లీషుతో పాటు ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు లిపులలో వ్రాశారు. 1918లో వచ్చిన మూలలు గుండ్రని నలుచదరపు బేడ మీద కూడా తెలుగు ఉన్నది. ఆరో జార్జి కాలపు అణా, బేడల మీదా ఉన్నది. అంటే కూరగాయల బజారులో చేతులు మారే నాణెం మీద మన అక్షరం నలభై ఏళ్ళపాటు నిలిచింది.

స్వాతంత్ర్యం తరువాత 1950లో అశోకుని సింహాలతో కొత్త నాణేలు వచ్చాయి. అవి మన సొంత నాణేలని జనం గర్వించారు. వాటి మీద హిందీ, ఇంగ్లీషు మాత్రమే మిగిలాయి. తెలుగు నోట్ల మీదనే నిలిచింది. నేటికీ నోటు వెనుక భాషల పట్టీలో క్రిందినుండి రెండవ వరుసలో మన తెలుగు కనిపిస్తుంది. 1990లలో చిన్న నోట్లకు బదులు నాణేలు వచ్చినప్పుడు మరొక సంగతి కూడా జరిగిందని ఎవరూ గమనించినట్లు లేదు. “ఒక రూపాయి”, “రెండు రూపాయలు” అని తెలుగులో వ్రాసి ఉన్న డబ్బు సామాన్యుని చేతిలోనుండి తప్పుకున్నది. ఇది ఫిర్యాదు కాదు. చరిత్రలో వ్రాసి పెట్టవలసిన విషయం కాబట్టి వ్రాశాను.

మన తెలంగాణ సోదరులకు మరొక చరిత్ర ఉన్నది. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా వేరు. ఏడు హాలీ రూపాయలు ఆరు ఇంగ్లీషు రూపాయలకు సమానం. ఆ రాజ్యపు నోట్ల మీదా తెలుగు ఉండేది. 1803లో మొదలైన హైదరాబాదు టంకశాల 1903లో సైఫాబాదుకు మారింది. 1950లో భారత ప్రభుత్వం చేతికి వచ్చింది. 1997లో చర్లపల్లిలో కొత్త టంకశాల పెట్టారు. మన చేతిలోని నాణెం మీద సంవత్సరం క్రింద చిన్న నక్షత్రం గుర్తు ఉంటే అది హైదరాబాదులో పుట్టినదని అర్థం.

పదహారు అణాలు నూరు పైసలైనప్పుడు

1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి. అప్పుడు నేను రెండవ తరగతి. పంతులుగారు పాత ఎక్కాలు, కొత్త ఎక్కాలు రెండూ చెప్పించేవారు. అణాకు ఆరు నయాపైసలు, బేడకు పన్నెండు, మూడణాలకు పంతొమ్మిది, పావలాకు ఇరవై అయిదు.

ఈ పట్టిక చూడండి. అణాకు నిజానికి ఆరుంపావు పైసలు రావాలి. పావు పైసా నాణెం లేదు గనుక ఆరుకు దించారు. పావలా సరుకు ఒక్కసారే కొన్నవాడు ఇరవై అయిదు పైసలు ఇచ్చాడు. పాత అణాలు పట్టుకొని నయాపైసలకు ఒక్కొక్కటిగా మార్చుకున్నవాడికి నాలుగుసార్లకు ఇరవై నాలుగే చేతికి వచ్చాయి. ఒక్క పైసా తేడా ఎటు పోయిందని కొట్ల ముందు తగువులు అయ్యేవి. పెద్ద బేరంలో ఈ తేడా కనబడదు. రోజుకు నాలుగుసార్లు అణా బేరం చేసేవారికే తెలుస్తుంది. 1964 జూన్ నుండి “నయా” అన్న మాట తీసివేసి పైసా అన్నారు.

అయితే ఆ నాణేల ఆకారాలను మెచ్చుకోవాలి. ఒక పైసా గుండ్రం, రెండు పైసలకు వంకీలు, అయిదు పైసలు నలుచదరం, పది పైసలకు మళ్ళీ వంకీలు. 1964లో వచ్చిన మూడు పైసలకు ఆరు మూలలు. కొంగు ముడిలో చెయ్యి పెట్టి చూడకుండానే ఏది ఎంతో చెప్పేవారు. తరువాత ఇవన్నీ అల్యూమినియం అయ్యాయి. గాలి వేస్తే ఎగిరిపోతాయని వేళాకోళం చేసేవాళ్ళం గాని, వాటి ఆకారాలు మాత్రం చెడలేదు.

లోహం ధర పెరిగినప్పుడల్లా నాణేలు కొలిమికి పోతుండేవి. చిల్లర నాణేలను కరిగించడం నేరమని 1971లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేయవలసి వచ్చింది.

కూలి పంపకం

చిల్లర కరవు అంటే ఏమిటో పట్నంలో బస్సు టిక్కెట్టు వెనుక బాకీ వ్రాయించుకున్నవారికి కొంత తెలుసు. మన డెల్టా పల్లెల్లో దాని బాధ మరొక రకంగా ఉండేది.

పూర్వం కోతకూలి కుంచాలతో ధాన్యంగా కొలిచేవారు. ధాన్యానికి చిల్లర సమస్య లేదు. కూలి డబ్బుగా మారిన తరువాత, నాట్లకు వెళ్ళిన ముఠాకు రైతు మొత్తం సొమ్ము ఒకేసారి మేస్త్రి చేతికి ఇచ్చేవాడు. పదకొండుమంది ఆడకూలీలు, తలకు పదిహేడు రూపాయలు అనుకుందాం. నూట ఎనభై ఏడు రూపాయలు. ఒక నూరు, ఒక యాభై, మూడు పదులు, ఒక అయిదు, ఒక రెండు చేతికి వస్తే పంచడం ఎలా? కొట్టుకు పోవాలి. కొట్టువాడు ఊరికే చిల్లర ఇవ్వడు. ఏదో ఒకటి కొనమంటాడు. అక్కరలేని ఆకూవక్కా, చాక్లెట్టూ అందుకే ఇళ్ళకు వచ్చేవి. లేదా ఇద్దరికి కలిపి ఒక నోటు ఇచ్చి, “రేపు మీరు మీరు చూసుకోండి” అనేవారు. ఆ రేపటి లెక్క మీద వచ్చిన తగాదాలు నాకు తెలిసి చాలా ఉన్నాయి.

ఇక ఆ చిన్న నోట్ల అవస్థ చెప్పనలవి కాదు. సముద్రపు చమురు బావి బొమ్మ ఉన్న రూపాయి నోటు, ఆర్యభట్ట ఉపగ్రహం ఉన్న రెండు రూపాయల నోటు, ట్రాక్టరుతో దుక్కి దున్నే రైతు ఉన్న అయిదు రూపాయల నోటు మీకందరికీ గుర్తుండే ఉంటాయి. రొంటిన దోపుకున్న నోటు నాటుమళ్ళలో తడిసేది. చేపలబుట్టలో నానేది. చివరికి గుడ్డపేలికలాగా మెత్తబడేది. అన్నం మెతుకుతో కాగితం ముక్క అతికించి నడిపేవారు. బ్యాంకు కట్టలకు కుట్టిన పిన్నుల వల్ల కొత్త నోటుకే చిల్లులు పడేవి. ఆ పిన్నులు మానివేయాలని రిజర్వు బ్యాంకు గట్టిగా చెప్పినది 2001లో. చిరిగిన నోటు మార్చడానికి వట్టం తీసుకునేవారు ఉండేవారు. పది రూపాయల కూలిలో అర్ధ రూపాయి వట్టానికి పోతే అది అయిదు శాతం. ఆదాయపు పన్ను కట్టని మనిషి కట్టిన పన్ను అది.

కాగితం పోయి బిళ్ళ వచ్చింది

కనుక చిన్న నోట్లు తీసివేసి నాణేలు తేవడానికి రెండు కారణాలు ఉన్నాయి. చేతులు మారి మారి చిన్న నోటు ఏడాది కూడా నిలవదు. నాణెం ఇరవై ముప్పై ఏళ్ళు నిలుస్తుంది. చిన్న నోట్ల అచ్చుకే ముద్రణాలయాల శక్తి సరిపోతుంటే పెద్ద నోట్లు అచ్చువేయడం కష్టమైనది.

రూపాయి బిళ్ళ 1975 నుండి విరివిగా వస్తూనే ఉన్నది. రెండు రూపాయల బిళ్ళ మొదట 1982లో ఆసియా క్రీడల జ్ఞాపకంగా, అయిదు రూపాయల బిళ్ళ 1985లో ఇందిరా గాంధీ స్మారకంగా వచ్చాయి. దేశంలోని టంకశాలలు చాలక 1980లలో బ్రిటన్, కెనడా, కొరియా దేశాలలో మన నాణేలు పోయించి ఓడలలో తెప్పించారు. 1988లో నోయిడా టంకశాల పని మొదలుపెట్టింది. 1992లో చిన్న ఉక్కు రూపాయి, పదకొండు మూలల రెండు రూపాయలు, 9 గ్రాముల బరువైన అయిదు రూపాయల బిళ్ళ వచ్చాయి. పునాది ఇలా సిద్ధమైన తరువాత 1994 నవంబరులో రూపాయి నోటు, 1995 ఫిబ్రవరిలో రెండు రూపాయల నోటు, అదే ఏడు నవంబరులో అయిదు రూపాయల నోటు అచ్చు ఆపివేశారు.

లెక్క సరిగ్గానే ఉన్నది గాని, నాణేలు సమయానికి చాలలేదు. 2001లో గాంధీ బొమ్మతో అయిదు రూపాయల నోటు మళ్ళీ అచ్చువేయవలసి వచ్చింది. రూపాయి నోటు 2015 మార్చిలో తిరిగి వచ్చింది గాని, అది సేకరణదారుల చేతులలోనే ఎక్కువగా కనిపించింది. ఈ పాత చిన్న నోట్లు ఏవీ రద్దు కాలేదు. ఇప్పటికీ చట్టప్రకారం చెల్లుతాయి. రద్దయినవి పావలా, అంతకు తక్కువ నాణేలు. అవి 2011 జూన్ 30 నుండి చెల్లవు. అర్ధ రూపాయి ఇంకా చెల్లుతుంది, పుచ్చుకునేవారు లేకపోయినా.

నా పరీక్ష ప్రకారం చూస్తే, 1992 నాటి బిళ్ళలకు మంచి మార్కులే ఇవ్వాలి. ఉక్కు రూపాయి చిన్నది, రెండు రూపాయలకు మూలలు, అయిదు రూపాయలు లావు. గుడ్డివాడైనా చెప్పగలడు. 2005 తరువాత రెండు రూపాయల బిళ్ళ కూడా గుండ్రని ఉక్కు అయింది. అప్పటినుండి రూపాయికీ, రెండు రూపాయలకూ తేడా తెలియక మనలాంటి చూపు మందగించినవారు కొట్ల దగ్గర బిళ్ళలను దీపం క్రింద తిప్పి చూడవలసి వచ్చింది. 2007లో వేళ్ళ ముద్రలు వేశారు. రూపాయికి బొటనవేలు, రెండు రూపాయలకు రెండు వేళ్ళు. ఆలోచన మంచిదే, కాని వేళ్ళ బొమ్మ చూడడానికీ కళ్ళు కావాలి కదా! చూపు లేనివారు సులువుగా గుర్తుపట్టేలా కొత్త వరుస నాణేలు 2019లో ప్రకటించారు. అందులోనిదే పన్నెండు మూలల ఇరవై రూపాయల బిళ్ళ.

పది రూపాయల బిళ్ళకు వచ్చిన చిక్కు

2009లో రెండు లోహాల పది రూపాయల బిళ్ళ చెలామణిలోకి వచ్చింది. మన ప్రాంతంలో దానికి పట్టిన గతి మీరు ఎరిగినదే. ఎవరో దొంగ బిళ్ళలని పుకారు పుట్టించారు. ఒకదాని మీద పది గీతలు, మరొకదాని మీద పదిహేను గీతలు ఉన్నాయి, కొన్నింటి మీద రూపాయి గుర్తు లేదు అన్నారు. కొట్టువాడు వద్దన్నాడు గనుక కూరగాయలమ్మి వద్దన్నది. ఆమె వద్దన్నది గనుక ఆటోవాడు వద్దన్నాడు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు స్పష్టంగా ప్రకటించింది. అప్పటికి 14 నమూనాలలో ఈ నాణేలు వచ్చాయి. అన్నీ మంచివే, అన్నీ చెల్లుతాయి. అయినా తెలుగునాట వీటిని వద్దనేవారు చాలాకాలం కనిపించారు.

దీని ఫలితం ఎవరు అనుభవించారు? బిళ్ళ దేశంలో మరోచోట చెల్లుతుంది గనుక పెద్ద వర్తకునికి నష్టం లేదు. ఊరు దాటని ముసలమ్మ చేతిలో అది చిక్కుబడిపోయింది. పది రూపాయల నోట్లు చిరిగి, నలిగి, పాత రూపాయి కాగితం స్థితికే వచ్చాయి. ఫోనుతో చెల్లించే పద్ధతి 2016లో మొదలైన తరువాత చదువుకున్నవారికి చిల్లర బాధ తప్పింది. ఫోను లేనివారికి చిల్లరే గతి.

ఇందులో మనం చేయగలిగిన పని ఒకటి ఉన్నది. పెన్షనరు మాటకు ఊళ్ళో ఇప్పటికీ కొంత విలువ ఉన్నది. పది రూపాయల బిళ్ళ ఇస్తే మనం మారుమాట లేకుండా పుచ్చుకోవాలి. నలుగురి ఎదుట మళ్ళీ వాడాలి. ఒక్కసారి వేయి రూపాయల దాకా ఈ బిళ్ళలతో చెల్లించవచ్చునని చట్టమే చెబుతున్నది. బ్యాంకులు కూడా తీసుకోవలసిందే.

డబ్బాలోని నాణేలను ఏమి చేయాలి?

నాణేలు సేకరించడం ధనవంతుల సరదా అనుకుంటారు. మన ఇంటి డబ్బాలో ఉన్నవి మన కుటుంబ చరిత్ర. దానిని నిలుపుకోవడానికి ఖర్చు అక్కరలేదు. నాకు అనుభవంలో తేలిన నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, పాత నాణేలను చింతపండుతోగాని, ముగ్గుపిండితోగాని తోమకండి. మెరుపు వస్తుంది, అక్షరం పోతుంది. విలువ కూడా పోతుంది. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు.

రెండవది, ఒక్కొక్క నాణేన్ని చిన్న కాగితపు పొట్లంలో ఉంచి, పొట్లం మీద సంవత్సరం, టంకశాల గుర్తు, అది ఎవరి నుండి వచ్చిందో వ్రాయండి. “మా నాయనమ్మ కొంగుముడిలోని చిల్లుకానీ” అని వ్రాస్తే ఆ కానీకి ఉన్న విలువ వేరు. వ్రాయకపోతే మన తరువాత అది తూకానికి పోయే రాగి.

మూడవది అతి ముఖ్యం. పాత అయిదు రూపాయల బిళ్ళకు లక్షలు ఇస్తామని ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. ముందుగా కమీషను, పన్ను కట్టమంటారు. కట్టినవారి సొమ్ము మళ్ళీ రాదు. తమ పేరు వాడుకొని ఇటువంటి మోసాలు జరుగుతున్నాయనీ, ఈ వ్యవహారాలతో తమకు సంబంధం లేదనీ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో హెచ్చరించింది. లక్షల సంఖ్యలో పోసిన బిళ్ళకు లక్ష రూపాయలు ఎవరిస్తారు? గుమాస్తాగిరీ చేసిన మనం ఆ పాటి లెక్క వేయలేమా? ఈ విషయం ఇంట్లో ఆడవారికి, ఒంటరిగా ఉంటున్న తోటి పెన్షనర్లకు తప్పక చెప్పండి.

నాలుగవది, పొలం దున్నుతున్నప్పుడో పునాది తవ్వుతున్నప్పుడో పాత నాణేలు బయటపడితే పంచుకోవడం, కరిగించడం చట్టవిరుద్ధం. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయాలి. కరిగిన నాణెం ఒకపూట వెండి. నిలిచిన నాణెం ఆ ఊరి సాక్ష్యం.

హైదరాబాదు వెళ్ళినప్పుడు వీలైతే మనవలను సైఫాబాదు పాత టంకశాలలో 2022లో తెరిచిన ప్రదర్శనశాలకు తీసుకువెళ్ళండి. అంతదాకా వెళ్ళలేనివారు సెలవురోజున ఆ డబ్బా మూత తీసి పిల్లల ముందు పోయండి. అణాకు ఎన్ని కానులో, బేడ అంటే ఎంతో చెప్పండి. కళ్ళు మూసి అయిదు పైసలు ఏదో, పది పైసలు ఏదో తడిమి చెప్పమనండి. పాత అణా మీద తెలుగు అక్షరాలు వెతకమనండి. పుస్తకంలో దొరకని పాఠం అది.

ఈ సంచిక చదివే సభ్యులందరూ తమ ఇంటి నాణేల వివరం ఒక తెల్లకాగితం మీద వ్రాసి ఉంచవలసిందిగా నా మనవి. నాణేలు ఎవరి ఇంట్లోవి వారి ఇంట్లోనే ఉండనివ్వండి. కాగితాలు మాత్రం సంఘం కార్యాలయానికి చేరిస్తే ఒక దస్త్రంగా కుట్టి భద్రపరచవచ్చు. దస్త్రాలు కుట్టడం మనకు కొత్త పని కాదు.



— ఒక విశ్రాంత గుమాస్తా, చుండూరు